లీడరన్న ఏడుపు

పొద్దున్నే యూనియన్ సెక్రటరీ ఫోన్ చేశాడు. "సార్, లీడరన్న మీద ఒక సంచిక ఏస్తాండాం. మీరు నాలుగు మాటలు రాసియ్యాల. ఆయప్ప గురించి మీకంటే బాగ తెలిసినోల్లు యెవురుండారు?" అన్నాడు.

నిజమే. ఆయన నాకు తెలిసినంతగా ఆయన ఇంట్లో వాళ్లకు కూడా తెలిసి ఉండదు. రైల్వేలో సస్పెండైన వాళ్ల మీద ఎంక్వైరీ జరిగే గదిలో నేను టైపిస్టుని. విచారించే ఆఫీసరుది ఒక కుర్చీ, తప్పు చేశాడని పేరు పడ్డ మనిషిది ఒక కుర్చీ, ఆ మనిషి తరఫున మాట్లాడే యూనియన్ నాయకుడిది ఇంకో కుర్చీ. మూలన టైపు మిషన్ ముందు నేను. తర్వాత మిషన్ పోయి కంప్యూటర్ వచ్చింది. ఆఫీసర్లు మారారు. సస్పెండయ్యే వాళ్లు సరేసరి, వస్తూ పోతూనే ఉన్నారు. ఆ మూడో కుర్చీలో మనిషి మాత్రం మారలేదు.

పేరు రాయను. రాసినా రాయకపోయినా ఇది ఆ సంచికలో అచ్చు కాదని నాకు తెలుసు. అయినా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేను చూడలేదు. కడప నుంచి కర్నూలు దాకా పట్టాలు బాగుచేసే గ్యాంగు పనివాళ్లకీ, గేటు కాచేవాళ్లకీ, కలాసీలకీ ఆయన లీడరన్న. అంతే.

తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జేబులో తెల్ల కర్చీఫు. ఆ కర్చీఫు గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పనట్టే. ఎంక్వైరీ ఉన్న రోజు ఆయన అందరికంటే ముందు వచ్చేవాడు. వచ్చీ రాగానే కర్చీఫు తీసి ఆఫీసరు కుర్చీ తుడిచేవాడు. చేతులు పెట్టుకునే కొయ్యలు, వీపు ఆనించే పలక, కూర్చునే చోటు, అన్నీ. ఆ పనికి వేరే మనిషి ఉన్నాడు, వాడి దగ్గర గుడ్డ కూడా ఉంది. అయినా ఈయనే తుడిచేవాడు. తుడిచాక ఆ కర్చీఫు దులిపి, మురికి లోపలికి వచ్చేలా మడిచి, మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. ఓ గంట తర్వాత ఎంక్వైరీ మధ్యలో "మా వాడు పిల్లలు గలోడు సార్" అంటూ దాంతోనే కళ్లు ఒత్తుకునేవాడు. ఆఫీసరు కూర్చునే చోటు తుడిచిన గుడ్డతోనే కార్మికుల కోసం కన్నీళ్లు తుడుచుకునే నాయకుణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఎంక్వైరీకి ముందు ఇంకో తతంగం ఉండేది. ఎంక్వైరీ గది ఉన్న పాత బంగళా వెనక వేపచెట్టు కింద సస్పెండైన మనిషిని నిలబెట్టి ఆయన రిహార్సల్ చేయించేవాడు. నా కిటికీలోంచి అంతా కనపడేది, వినపడేది.

"చేతులు కట్టుకో. తల దించు. ఇంగా దించప్పా! నీకు ఆఫీసరు బూట్లు కనపడాల, మొగం కాదు."

"అన్నా, నేను తప్పు చేయలేదన్నా."

"చేసినావా లేదా అని నేనడిగితినా? కొలువు ముఖ్యమా, రోషం ముఖ్యమా? అది సెప్పు."

ఈ ప్రశ్నకు కొలువున్న ఏ మనిషైనా ఏం జవాబు చెబుతాడు? వాడు తల దించేవాడు. "అట్లా రా దారికి. ఒప్పుకో. ఒప్పుకున్నోన్ని యెవురూ కొట్టరు" అనేవాడు లీడరన్న, వాడి భుజం తట్టి.

మస్తాన్ అని ఒక కీమ్యాన్ ఉండేవాడు. రైలు పట్టా వెంబడి నడుస్తూ బిగింపులు చూసుకుంటూ పోవడం వాడి పని. మా వైపు మే నెల ఎండలో ఆ పని చేసేవాళ్లను చూస్తే, చూసినవాళ్లకే దాహం వేస్తుంది. ఒకరోజు ఎండదెబ్బ తగిలి కట్ట పక్కన పడిపోయాడు. అటుగా ట్రాలీలో వచ్చిన ఆఫీసరు ఫోటో తీసుకుని, డ్యూటీలో నిద్రపోతున్నాడని సస్పెండ్ చేశాడు. మస్తాన్ ఎంక్వైరీకి పండగ చొక్కా వేసుకుని వచ్చాడు. "పెండ్లికొచ్చినావా?" అని తిట్టి, అక్కడి వాచ్‌మన్ చిరుగుల చొక్కా విప్పించి వాడికి తొడిగించాడు లీడరన్న. ఆపైన చెప్పాడు. "ఎండదెబ్బ అంటే డాక్టరు కాగితం అడుగుతారు. అది యాడ తెస్తావు? నిద్రపోయినా సార్ అను. యేమీ అడగరు."

మస్తాన్ అలాగే అన్నాడు. నేను అలాగే టైపు చేశాను. ఇంక్రిమెంటు ఆగింది, కొలువు నిలబడింది. ఆరోజు నుంచి గ్యాంగులో వాడి పేరు నిద్దర మస్తాన్. రిటైరైనా పోలేదు ఆ పేరు.

"నా చేతికొచ్చినోల్లలో ఒక్కని కొలువన్నా పోయిందా?" అనేవాడు లీడరన్న, ప్రతి మే డే సభలోనూ. ఎవరూ లేచి కాదనలేదు, కాదనడానికి లేదు కాబట్టి. కానీ ఆయన చేతికొచ్చిన వాళ్లలో తప్పు లేదని తేలి బయటపడ్డవాడు కూడా ఒక్కడు లేడు. తప్పు చేసినవాడూ చేయనివాడూ అందరూ ఒకే చొక్కా తొడుక్కుని, ఒకే మాట అని, ఒకే ముద్ర వేయించుకుని పోయేవాళ్లు. న్యాయం గురించి నాకు పెద్దగా తెలియదు గానీ, ఇది కాదని మాత్రం తెలుసు.

ఒక్క సంగతి ఆయన పక్షాన చెప్పాలి. గ్యాంగులో ఎవరైనా పోతే పీనుగు లేచేదాకా అక్కడే ఉండేవాడు. ఓబులమ్మ మొగుడు పట్టా పని చేస్తుండగా బండి తగిలి చనిపోయినప్పుడు ఎండలో రోజంతా ఆ వాకిట్లో కూర్చున్నాడు. ఆమెకు గేటు కాచే కొలువు ఇప్పించింది కూడా ఆయనే. ఆ చావు 'సొంత అజాగ్రత్త' వల్ల అని పైవాళ్లు రాసుకుపోతే నోరెత్తనిదీ ఆయనే.

ఓబులమ్మది కమలాపురం వైపు ఒక గేటు. ఆ దోవన గొర్రెల మందలు ఎక్కువ. గేటు కొయ్య దించితే బస్సు ఆగుతుంది, బైకు ఆగుతుంది. గొర్రె ఎందుకు ఆగుతుంది? ముందు పొట్టేలు కొయ్య కింద నుంచి దూరిందంటే మందంతా దాని వెనకే. ఒక సాయంత్రం అదే జరిగింది. గేటు దించి ఉంది, కాపరి ఎవరితోనో మాటల్లో ఉన్నాడు, మంద కొయ్య కింద నుంచి పట్టా మీదికి దూరింది, బండి వచ్చింది. బండి పోయాక ఓబులమ్మ గేటు లేపి కాపరితో పాటు తానూ చచ్చిన గొర్రెలను పక్కకు లాగుతోంది. అప్పుడే ఒక ఆఫీసరు జీపులో దిగాడు. ఆయన చూసేసరికి గేటు లేచి ఉంది. కాపరి ఏడుస్తూ "గేటు తీసే ఉండె సామీ" అన్నాడు. పాపం, వాడి బాధలో వాడున్నాడు. ఓబులమ్మను సస్పెండ్ చేశారు.

ఈ గేట్ల సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. అక్కడ గేటు దించి తాళం పడితేనే బండికి పచ్చ లైటు వస్తుంది. గేటు లేచి ఉంటే మంత్రి వచ్చి నిలబడినా పచ్చ రాదు, ఎర్రే. అంటే ఆ రోజు డ్రైవరు పచ్చ చూసి వచ్చాడంటే గేటు మూసి ఉన్నట్టే. ఇది రైల్వేలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఓబులమ్మ కేసు గెలవడానికి కావలసింది ఒక్క ప్రశ్న. డ్రైవర్ని పిలిచి, సిగ్నల్ ఏ రంగులో ఉందని అడగాలి. అంతే.

వేపచెట్టు కింద ఆమె లీడరన్నకు అదే చెప్పింది. "గేటు ఏసే ఉన్న్యాది అన్నా. డ్రైవరు సారును అడగండి. పచ్చ సూసే వచ్చింటాడు."

"అడుగుతాంలే మా. ముందు నువ్వు ఏడ్చడం నేర్చుకో."

"నాకు ఏడుపు రాదన్నా."

"రాకపోతే ఎట్ల? ఆడమనిషివి. నువ్వు రెండు సుక్కలు రాలిస్తే ఆఫీసరు మెత్తబడతాడు."

"నేనెందుకు ఏడ్చల్ల? నా మొగుడు సచ్చిపోతే వాని తప్పే అని రాసినారు. ఇప్పుడు నా మీద గూడ అట్లే రాస్తే నా బిడ్డ ఏమనుకుంటాది? అమ్మా నాయనా ఇద్దరూ పనికిమాలినోల్లే అనుకోదా? నాకు కొలువొకటే వద్దన్నా. తప్పు లేదని రాయాల."

ఆయన ఆమె వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కోపం కాదు. బజారులో బేరం తెగనప్పుడు చూస్తారే, అలా.

లోపల ఎంక్వైరీ మొదలైంది. ఆ ఆఫీసరు మరీ చెడ్డవాడేమీ కాదు. డ్రైవర్ని పిలిపించాడు. సన్నగా, పొడుగ్గా ఉండే ఆ డ్రైవరు వచ్చి కూర్చుని, గొర్రెలు అడ్డం వచ్చాయనీ, హారన్ కొట్టాననీ, బ్రేకు వేశాననీ చెప్పాడు. అది టైపు చేశాను. ఆఫీసరు లీడరన్న వైపు తిరిగాడు. "మీరేమైనా అడుగుతారా?"

ఓబులమ్మ ఆయన మోచెయ్యి తట్టింది. "అడుగన్నా" అంది మెల్లగా.

"నువ్వుండు మా" అన్నాడాయన. తర్వాత ఆఫీసరుతో, "అడిగేదేముండాది సార్, డ్రైవరు గూడ మా బిడ్డే కదా. యెందుకు ఇబ్బంది పెట్టేది?" అన్నాడు.

డ్రైవరు లేచాడు. వెంటనే పోలేదు. టోపీ చేతిలో తిప్పుకుంటూ ఓబులమ్మను చూశాడు, లీడరన్నను చూశాడు, ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని ఆగాడు. అడగంది చెప్పే ధైర్యం ఆయనకూ లేదు. ఇక పోవచ్చన్నాడు ఆఫీసరు. వెళ్లిపోయాడు.

అప్పుడు లీడరన్న లేచి చేతులు జోడించాడు. "సార్, ఒంటిమిట్ట రామయ్య సాక్షిగా సెప్తాండా. ఆడమనిషి. మొగుడు లేడు. సదువు లేదు. పొరపాటున గేటు లేపింటాది. ఈ ఒక్కసారికి చెమించండి."

"లేదు సార్!" అని ఓబులమ్మ అరిచింది. "నేను లేపలేదు!"

ఆ అరుపు వినపడకుండా ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. ఆమె ఏడవనందుకు ఆమె బదులు ఆయనే ఏడ్చాడు. ఎక్కిళ్లు పెట్టి, భుజాలు ఎగరేసి, కర్చీఫు మొహానికి అడ్డం పెట్టుకుని. ఆఫీసరుకు ఏం చేయాలో తోచలేదు. నీళ్లు తెప్పించాడు. నీళ్లు తాగినంతసేపు ఆగి మళ్లీ ఏడ్చాడు. ఆ సందడిలో, అభాగ్యురాలి తరఫున నాయకుడే తప్పు ఒప్పుకున్నాడన్న మాట నా కాగితం మీదికి ఎక్కింది. ఓబులమ్మ అన్నమాట ఎక్కలేదు. అది రాయమని ఆఫీసరు చెప్పలేదు, చెప్పింది కొట్టడమే అక్కడ నా పని.

కొలువు నిలబడింది. గేటు నుంచి తీసేసి గ్యాంగులోకి పంపారు. మొగుడు ఏ పట్టా మీద చనిపోయాడో ఆ పట్టా మీదే కంకర ఎత్తే పని. కేసు గెలిచినట్టు యూనియన్ బోర్డు మీద చాక్‌పీస్‌తో రాయించాడు లీడరన్న.

టీకొట్టు దగ్గర చెనిక్కాయలు ఒలుచుకుంటూ ఆయన దొరికితే అడిగేశాను. "ఆ ఒక్క ప్రశ్న అడిగితే మీ సొమ్మేం పోయేదన్నా?"

"మీకు తెల్దు సార్" అన్నాడు నవ్వి. "ఇదేమన్నా కోర్టా? మనకు రూల్సు తెల్దు, లా పాయింట్లు తెల్దు. మనకు తెలిసిందల్లా కాళ్లా వేళ్లా పడి బతికించుకోవడం." నేను నమ్మాను. చేతకానివాడు, భయస్థుడు, ఏదో తనకు తెలిసిన దోవలో పోతున్నాడు అనుకున్నాను. ఆయన మీద కొంచెం జాలి కూడా కలిగింది. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే నవ్వొస్తుంది.

ఎందుకంటే, కొన్నాళ్లకు ఆయన మీదే చార్జిషీటు వచ్చింది.

ఆయన కొలువు పార్సిల్ ఆఫీసులో. ఆ ఆఫీసు తలుపు ఏ వైపుకు తెరుచుకుంటుందో కూడా ఆయనకు తెలుసో లేదో. రోజూ సంతకం మాత్రం పడేది. కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు పట్టుకున్నాడు. డ్యూటీలో ఉన్నట్టు సంతకం ఉన్న రోజున లీడరన్న ఓర్వకల్లు దగ్గర బంధువుల గృహప్రవేశంలో ఉన్నాడు. ఫోటో అందరి ఫోన్లలోనూ తిరిగింది. నా ఫోన్‌కీ వచ్చింది. అరటాకు ముందు కూర్చుని, ఓళిగ నోట్లో పెట్టుకుంటూ, తెల్ల చొక్కాలో సాక్షాత్తూ లీడరన్న.

ఎంక్వైరీ రోజు ఏ చొక్కా వేసుకొస్తాడా అని చూశాను. ఇస్త్రీ మడత నలగని కొత్త చొక్కా. వేపచెట్టు దగ్గరికి వెళ్లలేదు. ఆఫీసరు కుర్చీ తుడవలేదు. కర్చీఫు జేబులోంచి బయటికే రాలేదు. తల పైకెత్తి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఆరోపణ ఒప్పుకుంటున్నారా?" అని ఆఫీసరు అడిగాడు.

"యెందుకు ఒప్పుకోవాల సార్?" అన్నాడు లీడరన్న. "ఫోటోలో ఉండేది నేనే అని యెవురు గుర్తుపట్టినారు? పిలిపీయండి. ఫోటో ఆ పొద్దే తీసినారని యెవురు సెప్పినారు? తీసినోన్ని పిలిపీయండి. నేను ఆఫీసులో లేనని కండ్లారా సూసినోడు యెవుడు? వాన్ని గూడ పిలిపీయండి. యెవురూ లేకుంటే ఈ చార్జిషీటు యే రూలు కింద ఇచ్చినారో సెప్పండి."

రూలు నంబరు ఆయనే చెప్పాడు. దాని కింది ఉపనిబంధన చెప్పాడు. ఒక్కో సాక్షిని కూర్చోబెట్టి వాడి చేత నీళ్లు తాగించాడు. గృహప్రవేశంలో ఈయన పక్క ఆకులోనే భోంచేసిన మనిషి కూడా చివరికి "సరిగ్గ జ్ఞాపకం లేదు సార్" అన్నాడు. అంత బాగా కొట్లాడిన మనిషిని ఆ గదిలో నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాత చూడలేదు. ఆరోపణ రుజువు కాలేదని ఆఫీసరు చెబుతుంటే టైపు చేశాను. ఆ గదిలో ఆ మాట కొట్టే అలవాటు లేక తప్పులు పడ్డాయి. చెరిపి మళ్లీ కొట్టాను.

ఆయన చేతికొచ్చిన వాళ్లలో తప్పు లేదని తేలి బయటపడ్డవాడు ఆయనొక్కడే. వాళ్లందరిలో నిజంగా తప్పు చేశాడని నేను కళ్లారా చూసినవాడూ ఆయనొక్కడే.

మరునాడు స్టేషన్ బయట గ్యాంగుతో పాటు నీళ్లు పట్టుకుంటూ ఓబులమ్మ కనపడింది. విషయం ఆమె దాకా వచ్చినట్టుంది. "ఆయప్పకు ఇదంతా తెలుసా సార్?" అంది. తెలుసన్నాను. బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె కుళాయి కట్టేయలేదు.

మళ్లీ అదే టీకొట్టు. మళ్లీ అవే చెనిక్కాయలు. ఈసారి ఆయన మంచి హుషారులో ఉన్నాడు. "ఇన్ని రూల్సు తెలిసీ ఓబులమ్మకు ఒక్క ప్రశ్న ఎందుకు అడగలేదన్నా?" అన్నాను.

పొట్టు ఊదుకుంటూ, దాపరికమేమీ లేకుండా చెప్పాడు. "అడిగింటే గెల్చేది సార్. గెల్చినోల్లు మల్ల యూనియన్ ఆఫీసు మెట్టు ఎక్కుతారా? తప్పు నెత్తిన ఉన్నోడే రేపు గూడ మనల్ని అన్నా అంటాడు."

ఆ రోజు నుంచి ఆయనతో టీ తాగలేదు. ఎదురుపడితే నమస్కారం పెట్టేవాణ్ణి, అంతే.

పోయిన నెల ఆయన పోయాడు. స్టేషన్ ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'కార్మికుల కన్నీళ్లు తుడిచిన మహానేత' అని రాసి ఉంది. సంతాప సభకు నేనూ వెళ్లాను. హాలు నిండింది. ఒకరి తర్వాత ఒకరు లేచి, అన్న లేకపోతే మా కొలువులు ఉండేవా అన్నారు. మస్తాన్ కూడా వచ్చి దండ వేశాడు. ఎవరో వెనక నుంచి "రాప్పా నిద్దర మస్తానూ" అని పిలిస్తే పోయి వాళ్ల పక్కన కూర్చున్నాడు.

ఆడవాళ్లలో ఒకరు మాట్లాడితే బాగుంటుందని సెక్రటరీ ఓబులమ్మను వేదిక మీదికి పిలిచాడు. పని నుంచి నేరుగా వచ్చిందేమో, నారింజ రంగు గ్యాంగు కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. మైకు ఇస్తూ సెక్రటరీ గొణిగాడు. "కొంచెం కండ్లు తుడుచుకుంటా మాట్లాడు మా. ఫోటోలు తీస్తాండారు." మైకులో అది అందరికీ వినపడింది.

ఓబులమ్మ దండలు వేసిన పటం వైపు తిరిగింది. "నాకు ఏడుపు రాదని ఆ పొద్దే సెప్పినా కదన్నా" అంది. "నువ్వు నా బదులు ఏడ్చినావు. అది నేనడగలేదు. సిగ్నల్ యే రంగులో ఉండాదని ఒక్క మాట అడగమన్నా. అంతే కదన్నా నేను అడిగింది?"

సెక్రటరీ మైకు అందుకోబోయాడు. అంతలో మధ్య వరుసలోంచి సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. జుట్టు తెల్లబడిపోయింది గానీ నేను గుర్తుపట్టాను. ఆ డ్రైవరే.

"పచ్చే ఉండె మా" అన్నాడు. "పచ్చ సూసే వచ్చినా. నన్నెవురూ అడగలేదు."

ఓబులమ్మ తల ఊపింది. మైకు బల్ల మీద పెట్టి, వేదిక దిగింది. దిగుతుండగా చూశాను, కోటు కొసతో కళ్లు తుడుచుకుంటోంది. ఫోటో తీసేవాడు అప్పటికే కెమెరా దించేశాడు.

సెక్రటరీ గారూ, మీరు అడిగింది నాలుగు మాటలు. లీడరన్న గురించి నా దగ్గర అచ్చు వేయదగ్గ మాట ఒక్కటి కూడా లేదు. ఆ పేజీ ఖాళీగా వదలొద్దు. అప్పట్లో నేను టైపు చేయకుండా మిగిలిపోయిన వాంగ్మూలం ఇదిగో, ఇది వేయండి: ఆ రోజు గేటు మూసే ఉంది. సిగ్నల్ పచ్చగా ఉంది. ఓబులమ్మ తప్పు లేదు.